గదిలో సెన్సర్ ఉంది సరే, అది మోగితే వచ్చేదెవరు?

బెంగళూరులో అమ్మనో నాన్ననో చేర్పించడానికి మంచి సంరక్షణ కేంద్రం కోసం వెతికే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు, ఊళ్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లను తెచ్చుకున్నవాళ్లు, భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్లిపోతే మంచంలో ఉన్న మనిషిని చూసుకునే దారి లేనివాళ్లు. కేంద్రం చూడటానికి వెళ్లినప్పుడు దాదాపు అందరూ అడిగేవి అవే ప్రశ్నలు: సీసీ కెమెరాలు ఉన్నాయా, ఫోన్లో చూసుకోవచ్చా, యాప్ ఉందా, మంచం దగ్గర బెల్ ఉందా? అడగడంలో తప్పేం లేదు, కానీ ఇవన్నీ పరికరం దగ్గరే ఆగిపోయే ప్రశ్నలు. పరికరం ఒక మార్పును పట్టుకున్నాక ఆ సంగతి ఎవరికి చేరుతుంది, చేరినవాళ్లకు దాని మీద ఏదైనా చేసే తీరిక, అధికారం ఉన్నాయా అన్నదాన్ని బట్టే బాగా నీరసించిన పెద్దవాళ్ల బాగోగులు ఉంటాయి.

వయసు మీద పడటం వేరు, ఇలా నీరసించిపోవడం వేరు. ఎనభై ఐదేళ్లకు కూరగాయల మార్కెట్‌కి నడిచి వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు, డెబ్బైకే కుర్చీలోంచి లేవలేనివాళ్లూ ఉన్నారు. డాక్టర్లు ఫ్రెయిల్టీ అనే ఈ స్థితిని గుర్తించడానికి 2001లో అమెరికా పరిశోధకులు ఐదు గుర్తులు చెప్పారు: ప్రయత్నం లేకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉందనడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలికలు తగ్గిపోవడం. మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టు, ఒకటో రెండో ఉంటే దాని అంచున ఉన్నట్టు. కెనడాలో పుట్టిన ఇంకో పద్ధతిలో, మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో చూసి 1 నుంచి 9 దాకా స్కోరు వేస్తారు, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నడక వేగం చూడటానికి ఫోన్లో ఉండే స్టాప్‌వాచ్ చాలు, నాలుగు మీటర్లు మామూలుగా నడవడానికి ఐదు సెకన్ల కన్నా ఎక్కువ పడితే నడక నెమ్మదించిందనే లెక్క.

ఇలాంటి మనిషికి ఒంట్లో శక్తి నిల్వ ఉండదు. మామూలు మనిషికి మూడు రోజుల్లో తగ్గిపోయే మూత్రంలో ఇన్ఫెక్షన్ వీళ్లను మంచానికి కట్టిపడేస్తుంది, మంచం పట్టాక కండ పోతుంది, కండ పోయాక లేవలేరు, లేవలేకపోతే పుండ్లు, నిమోనియా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే పది రోజుల పాటు మంచం మీద ఉంచి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో (2007) వాళ్ల కాళ్లలోంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. అసలే కండ లేని మనిషి ఆసుపత్రిలో పది రోజులు పడుకుంటే తిరిగి నడవకపోవడం అందుకే. ఆసుపత్రి దాకా వెళ్లకుండా, మార్పును ముందుగా పట్టుకుని ఉన్నచోటే వైద్యం మొదలుపెట్టగలిగితే అంతకు మించిన మేలు లేదు, టెక్నాలజీ చేయాల్సిన మొదటి పని కూడా ఇదే.

ఇక్కడ ఒక చిక్కుంది. అందరికీ ఒకే గీత గీసి, దాటితే అలారం కొట్టే పద్ధతి వీళ్ల దగ్గర సరిగ్గా పనిచేయదు. జ్వరమే తీసుకోండి. బాగా నీరసించినవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరినా ఒళ్లు కాలకపోవచ్చు. అందుకే సంరక్షణ కేంద్రాల్లో ఉండేవాళ్ల కోసం అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు, నోట్లో ఒకసారి చూసిన ఉష్ణోగ్రత 100 ఫారన్‌హీట్ దాటితే చాలు, లేదా ఆ మనిషికి మామూలుగా ఉండేదానికన్నా 2 డిగ్రీలు పెరిగినా చాలు, జ్వరంగానే చూడమన్నాయి. రోజూ 96.5 ఉండే మామ్మకు ఇవాళ 98.8 ఉంటే థర్మామీటర్ చూసినవాళ్లు నార్మల్ అని రాసేస్తారు, కానీ ఆమెకు అది జ్వరమే. ఆ సంగతి తెలియాలంటే ఆమె మామూలు ఎంతో ఎక్కడో రాసి ఉండాలి, ఇవాళ్టి అంకెను దాని పక్కన పెట్టి చూసేవాళ్లు ఉండాలి. కంప్యూటర్ ఈ పనిని మనిషికన్నా బాగా చేస్తుంది, ఎందుకంటే నలభై మంది మామూలు అంకెలు ఏ నర్సుకూ గుర్తుండవు. బరువూ అంతే, నెలలో 5 శాతం గానీ ఆరు నెలల్లో 10 శాతం గానీ తగ్గితే గట్టిగా పట్టించుకోవాలని అమెరికా కేంద్రాల రికార్డు విధానం చెబుతుంది. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు. చీర కట్టుకున్న మనిషిలో అది కంటికి కనిపించదు, నిలబడలేని మనిషిని తూచడానికి కుర్చీ త్రాసు లేకపోతే అసలు తెలిసే అవకాశమే లేదు.

మార్పును అందరికన్నా ముందు చూసేది అటెండర్. స్నానం చేయించేది, తినిపించేది, డైపర్ మార్చేది ఆవిడే కాబట్టి, నిన్న గిన్నెడు పెరుగన్నం తిన్న మామ్మ ఇవాళ రెండు ముద్దలకే నోరు మూసేసిందని, రోజూ గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లే తాతగారు ఇవాళ కాలు కింద పెట్టనన్నారని ఆవిడకే తెలుస్తుంది. బెంగళూరు కేంద్రాల్లో అటెండర్లు చాలామంది ఒడిశా, అస్సాం, జార్ఖండ్, ఉత్తర కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు, నర్సుల్లో కేరళ వాళ్లు ఎక్కువ. తెలుగు మామ్మ "కడుపులో దేవుతోంది, కళ్లు తిరుగుతున్నాయి" అంటుంది. అటెండర్‌కి సగం అర్థమవుతుంది, ఆవిడ హిందీలో నర్సుకు చెబుతుంది, నర్సు ఇంగ్లీషులో రిజిస్టర్ రాస్తుంది, పొద్దున డ్యూటీ మారినప్పుడు ఆ రిజిస్టర్‌లో ఉన్న ఒక్క లైన్ మాత్రమే కొత్త సిస్టర్‌కి చేరుతుంది, ఆ లైన్‌లో ఉండేది "స్టేబుల్" అన్న మాట. మామ్మ చెప్పిన రెండు సంగతులూ దారిలోనే పోయాయి. ఈ దారిని బాగుచేయడం మీద పెట్టే డబ్బు, గదికో పరికరం కొనడం మీద పెట్టే డబ్బు కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుందని గట్టిగా చెప్పొచ్చు.

అమెరికాలో దీనికోసం ఒక చిన్న కార్డు తయారుచేశారు. అటెండర్లు గమనించాల్సిన పన్నెండు మార్పులు అందులో ఉంటాయి: మనిషి తీరు మారింది, మాట తగ్గింది, సాయం ఎక్కువ కావాల్సి వస్తోంది, నొప్పి అంటున్నారు, తక్కువ తిన్నారు, విరేచనం కాలేదు, నీళ్లు తక్కువ తాగారు, బరువు మారింది, చిరాకు, అలసట, ఒంటి రంగులో తేడా, నడకకు ఎక్కువ సాయం. వైద్యం చదవనివాళ్లు కూడా చూడగలిగేవే అన్నీ. దీన్ని ఫోన్లో బొమ్మలతో పెట్టి, అన్నం గిన్నె బొమ్మ మీద సగమో పావో నొక్కితే నమోదయ్యేలా చేస్తే భాష అడ్డు చాలావరకు పోతుంది. అటెండర్ తన భాషలో చెప్పిన వాయిస్ నోట్‌ను నర్సు చదువుకునే భాషలోకి మార్చడం కూడా ఇప్పుడు సాధ్యమే, కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన భాషిణి అనే అనువాద వేదిక లాంటివి ఉన్నాయి. పళ్లు లేని, ఆయాసంతో, రాయలసీమ యాసలో మాట్లాడే పెద్దావిడ మాటను యంత్రం సరిగ్గా పట్టుకుంటుందని మాత్రం నమ్మకూడదు. ఆ మాట తెలిసిన మనిషి ఒకరు వినాలి, ఇంట్లోవాళ్లు చేర్పించే రోజే "ఈవిడ నొప్పిని ఇలా అంటుంది, బాత్రూమ్‌కి ఇలా అడుగుతుంది" అని పది మాటలు రికార్డు చేసి ఇవ్వడం చాలా పనికొస్తుంది.

ఆ కార్డు కథలో ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అది భాగంగా ఉన్న మొత్తం కార్యక్రమాన్ని అమెరికా కేంద్రాల్లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించినప్పుడు, శిక్షణ ఇచ్చిన కేంద్రాల్లో ఆసుపత్రి చేరికలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేలింది. ఆలోచన బాగుంది, ఫలితం రాలేదు. కార్డు నింపాక దాన్ని చూసే నర్సుకు తీరిక, ఫోన్ ఎత్తే డాక్టర్, ఉన్నచోటే సెలైన్ పెట్టగలిగే ఏర్పాటు లేకపోతే నింపిన కార్డు ఫైల్లో ఉంటుంది, మనిషి అంబులెన్స్‌లో ఉంటారు.

పడిపోవడం విషయానికొస్తే ఇదే సమస్య ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మంచం మీద నుంచి లేవగానే మోగే అలారాలు చాలాకాలంగా ఉన్నాయి, ఇప్పుడు గోడకు పెట్టి కదలికను పట్టుకునే రాడార్లు, నేల మీద పరిచే మ్యాట్లు కూడా వచ్చాయి. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో 16 వార్డుల్లో, 27 వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. మంచం అలారాల వాడకాన్ని సగం వార్డుల్లో బాగా పెంచి చూశారు. అలారాలు పెరిగాయి, పడిపోవడాలు తగ్గలేదు, దెబ్బలూ తగ్గలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. అలారం మోగేసరికి కాళ్లు నేల మీద ఉంటాయి, రాత్రి డ్యూటీలో ఇరవై ఐదు మంచాలకు ఇద్దరు అటెండర్లు ఉన్నారనుకుంటే ఒకరు పక్క గదిలో డైపర్ మారుస్తూ ఉంటారు, ఇంకొకరు కింది అంతస్తులో ఉంటారు. పైగా దుప్పటి లాగినా, పక్కకు దొర్లినా మోగే అలారం పదోసారి మోగేసరికి ఎవరూ పరుగెత్తరు. దీన్ని సిబ్బంది నిర్లక్ష్యం అనడం అన్యాయం, అన్నిసార్లు ఉత్తినే పిలిచే పరికరానికి ఎవరి చెవైనా అలవాటు పడిపోతుంది.

అదే సెన్సర్‌ను ఇంకోలా వాడొచ్చు. మోగిన క్షణాన్ని వదిలేసి, రెండు వారాల రాత్రుల లెక్కను ఒకచోట పెట్టి చూడండి. తాతగారు రోజూ రెండు గంటల ప్రాంతంలో లేస్తున్నారని తెలుస్తుంది. ఎందుకు లేస్తున్నారు? మూత్రానికి. ఎందుకు అప్పుడు? నీరు పోవడానికి ఇచ్చే బీపీ మాత్ర సాయంత్రం పడుతోంది. ఆ మాత్రను డాక్టర్‌ని అడిగి పొద్దుటికి మార్పించి, ఒకటిన్నరకే అటెండర్ వెళ్లి బాత్రూమ్‌కి తీసుకెళ్లి, మంచం కింద కదలికకు వెలిగే చిన్న లైటు పెట్టి, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ బిగిస్తే ఆ గదిలో అలారం మోగే పనే తగ్గుతుంది. కేంద్రం చూడటానికి వెళ్లినవాళ్లు సెన్సర్ ఉందా అని అడిగి ఊరుకోకుండా, పోయిన నెలలో ఎన్నిసార్లు మోగింది, ఎంతసేపట్లో వెళ్లారు, ఆ లెక్క చూసి ఎవరి విషయంలోనైనా ఏదైనా మార్చారా అని అడగాలి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చోటు దొరికితే, బిల్డింగ్ పాతదైనా ఆలోచించవచ్చు.

పరుపు కింద పెట్టే షీట్ సెన్సర్లు ఈ రకంలో ఆశ కలిగించేవి. గుండె రక్తాన్ని నెట్టినప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా ఒంట్లో పుట్టే సన్నని కంపనాన్ని ఇవి పట్టుకుని గుండె వేగం, శ్వాస వేగం లెక్కగడతాయి. ఒంటికి వైర్లు తగిలించే పని లేదు, మతిమరుపు ఉన్నవాళ్లు పీకేసుకునే బాధ లేదు. 2015లో బెంగళూరులో మొదలైన డోజీ అనే సంస్థ తయారుచేసేది ఇలాంటిదే, ఆసుపత్రి వార్డుల్లో వాడుతున్నారు. శ్వాస వేగం ముఖ్యం ఎందుకంటే పెద్దవాళ్లలో నిమోనియా దగ్గుతో కాకుండా శ్వాస వేగంతో బయటపడటం మామూలే, నిమిషానికి 25 దాటితే డాక్టర్‌ని పిలవాల్సిందే. చేత్తో నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టే ఓపిక రద్దీగా ఉన్న చోట ఎవరికీ ఉండదు, చాలా రిజిస్టర్లలో అందరికీ 18 అనో 20 అనో ఒకే అంకె కనిపించడం దానివల్లే. కాబట్టి ఈ పని యంత్రానికి ఇవ్వడం సరైనదే. వేలికి పెట్టే ఆక్సిమీటర్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త కావాలి, నల్లని చర్మం ఉన్నవాళ్లలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశం ఉందని 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలతో తేలింది, వేళ్లు చల్లబడినా, గోళ్లకు నెయిల్ పాలిష్ ఉన్నా కూడా అంకె తప్పొచ్చు.

బెడ్‌సోర్స్ (మంచం మీదే పడుకుని ఉండటంతో పడే పుండ్లు) గురించి ఒక్క సంగతి. రెండు గంటలకోసారి తిప్పాలన్న నియమం అందరికీ తెలుసు, రాత్రంతా అలా లేపడం వల్ల వాళ్లకు నిద్ర ఉండదన్నదీ తెలుసు. అమెరికా, కెనడా కేంద్రాల్లో 942 మందితో చేసిన పరీక్షలో (2013) మందపాటి మంచి ఫోమ్ పరుపు మీద ఉన్నవాళ్లను రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పలచని కాయిర్ పరుపు మీద ఇది పనిచేయదు. తిప్పాల్సిన వేళను ఫోన్లో గుర్తుచేసే యాప్ కన్నా ముందు కొనాల్సింది పరుపు.

మందుల దగ్గర కంప్యూటర్ నిజంగా ఉపయోగపడుతుంది, కానీ సగం దాకే. గుండె డాక్టర్ ఇచ్చినవి, షుగర్ డాక్టర్ ఇచ్చినవి, ఎప్పుడో ఆసుపత్రిలో వారం రోజులకని రాసి ఆపడం మర్చిపోయినవి కలిపి పది పన్నెండు మాత్రలు మింగేవాళ్లు ప్రతి కేంద్రంలోనూ ఉంటారు. పెద్దవాళ్లకు హాని చేసే మందుల జాబితాను మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టర్ బృందం 1991లో మొదట తయారుచేసింది సంరక్షణ కేంద్రాల్లో ఉండేవాళ్ల కోసమే. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు మతి తప్పించి, కాళ్లు తడబడేలా చేసి పడేస్తాయి. అలాంటి మందు రాసి ఉంటే ఎర్ర గుర్తు చూపే సాఫ్ట్‌వేర్ తేలికే. ఆ మాత్రను ఆపాలని నిర్ణయించే డాక్టర్ కావాలిగా! వృద్ధుల వైద్యంలో నిపుణులు తక్కువ, వాళ్ల దగ్గరకు మంచంలో ఉన్న మనిషిని సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ మీదుగా తీసుకెళ్లి తీసుకురావడమే ఒక గండం, కొత్త చోటు, హారన్లు, గంటల నిరీక్షణ కలిసి సాయంత్రానికి అయోమయంలో పడేస్తాయి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియోలో డాక్టర్ చూడటానికి, పక్కనున్న ఆరోగ్య కార్యకర్త సాయం చేయడానికి స్పష్టంగా దారి ఇచ్చాయి. నెలకోసారి ఒకే డాక్టర్, ఒకే నర్సు, మొత్తం మందుల పట్టీ, ఆ నెల బరువు, బీపీ లెక్కలు స్క్రీన్ మీద పెట్టుకుని మాట్లాడితే ఇరవై నిమిషాల్లో తేలే పని ఇది. ఇందులో కొత్త పరికరమంటూ ఏదీ లేదు, అయినా కేంద్రాల్లో చాలా అరుదుగా జరిగేది ఇదే.

కెమెరాల గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. డైపర్ మార్చే, ఒళ్లు తుడిచే గదిలో ఇరవై నాలుగు గంటల కెమెరా పెట్టి దాన్ని కొడుకు ఫోన్‌కి కలపడం సంరక్షణ అనిపించుకోదు. చేయి చేసుకుంటారేమో, తిట్టి తినిపిస్తారేమో అన్న భయం నిజమైనదే, అలాంటివి జరుగుతాయి. దానికి భోజనాల గదిలో, వరండాల్లో కెమెరాలు, ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూసే హక్కు, వారానికోసారి ఒళ్లంతా చూసి గాయాలు నమోదుచేసే నియమం ఉండాలి. మతి కాస్త తప్పినా చాలామంది పెద్దవాళ్లు తమను ఎవరైనా చూడటం ఇష్టమో కాదో చెప్పగలరు, వాళ్లను అడగాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అన్నది ముఖ్యం, చేర్పించే రోజు ఇరవై కాగితాల మధ్య కొడుకుతో పెట్టించిన సంతకం ఆ పెద్దావిడ సమ్మతి ఎలా అవుతుంది?

ఒంటరితనానికి కూడా యంత్రాలు అమ్ముతున్నారు. జపాన్‌లో తయారైన పారో అనే సీల్ పిల్ల రోబోను ఆస్ట్రేలియాలోని 28 కేంద్రాల్లో, మతిమరుపు జబ్బు ఉన్న 415 మందితో పరీక్షించారు, ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు సంరక్షణతో పోలిస్తే రోబో ఉన్నవాళ్లలో చిరాకు తగ్గి మనసు కాస్త కుదుటపడింది. అయితే కదలికలు, శబ్దాలు ఆపేసిన అదే బొమ్మతో పోలిస్తే, వాళ్లు దానితో మాట్లాడటం, దాన్ని పట్టించుకోవడం ఎక్కువైందే తప్ప మిగతా తేడా పెద్దగా లేదు. బెంగళూరులో ఉన్న తెలుగు పెద్దవాళ్ల ఒంటరితనంలో భాష పెద్ద భాగం. మతిమరుపు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న కన్నడం, ఇంగ్లీషు జారిపోయి తల్లి భాష మిగలడం తరచూ కనిపించేదే. అలాంటి మనిషికి మతి పరీక్షను ఇంగ్లీషులో చేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ జబ్బు కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు, కన్నడం సహా ఐదు భాషల్లో తయారుచేయించిన పరీక్షలు ఉన్నాయి, వాటిని అడిగి చేయించుకోవాలి. ఇక రోజువారీ విషయానికి, చౌకైన ట్యాబ్లెట్‌లో పొద్దున సుప్రభాతం, సాయంత్రం ఊళ్లో ఉన్న చెల్లెలితో వీడియో కాల్ పెట్టించగలిగితే, ఆ కాల్ కలిపి ఇచ్చే పని ఫలానా వాళ్లదని డ్యూటీ చార్టులో రాసి ఉంటే, ఇంతకన్నా ఖరీదైనవి చాలావరకు అక్కర్లేదు.

డబ్బు విషయం పక్కన పెట్టలేం. నెలకు యాభై వేలు తీసుకునే చోట్ల పైన చెప్పినవన్నీ సాధ్యమే, దాతల డబ్బుతో నడిచే చోట్ల సంగతి వేరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి మాట్లాడింది, ప్రైవేటు కేంద్రాలకు నాణ్యతా ప్రమాణాలు పెట్టాలని 2019లో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాలేదు. తక్కువ డబ్బున్న చోట ముందు కుర్చీ త్రాసు, మంచి పరుపులు, కదలికకు వెలిగే లైట్లు, బీపీ మిషన్, థర్మామీటర్లు, బొమ్మల ఫారం ఉన్న ఒక ఫోన్ కొనాలి, షీట్ సెన్సర్లు ఆ తర్వాత, అదీ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ల మంచాలకు మాత్రమే పెట్టి మనుషులు మారినప్పుడు మార్చుకోవచ్చు.

అమెరికాలో 1987 చట్టంతో ప్రతి కేంద్రం ప్రతి మనిషి గురించి ఒకే రకమైన రికార్డు రాయాల్సి వచ్చింది, వాళ్ల దగ్గర ఇన్ని పరీక్షలు సాధ్యమవడానికి అదొక ముఖ్య కారణం. ఇక్కడ అంత పెద్ద ఫారం పెడితే సిబ్బంది మంచం దగ్గర కన్నా కంప్యూటర్ దగ్గరే ఎక్కువ ఉంటారు. కర్ణాటక ప్రభుత్వం ఒక పేజీ అడిగితే చాలు: ఈ నెల ఎంతమంది బరువు 5 శాతానికి మించి తగ్గింది, ఎంతమంది పడ్డారు, కొత్తగా ఎంతమందికి బెడ్‌సోర్స్ వచ్చాయి, ఎంతమందిని ఆసుపత్రికి తరలించారు, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు. ఐదు అంకెలు, నెలకోసారి, గేటు దగ్గర బోర్డు మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ. మొదటి రెండు నెలలు కొన్ని కేంద్రాలు తప్పు లెక్కలు రాస్తాయి, తనిఖీకి వచ్చినవాళ్లు కుర్చీ త్రాసు ఎక్కడుందో చూపించమంటే ఆ తప్పుల్లో సగం అక్కడికక్కడే బయటపడతాయి.